గడియ లేని తలుపు

పెద్దాయా అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆసుపత్రిలో ఆయాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, చివరికి మిగతా ఆయాలందరికీ పెద్దాయా అయింది. మంచం పట్టినవాళ్ళకు స్నానం చేయించడం ఆమె పని. ఒక చేత్తో మనిషిని పక్కకు ఒత్తిగిలించి, రెండో చేత్తో తడి దుప్పటి లాగేసేది. సిగ్గుపడేవాళ్ళతో, సిగ్గు గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రావాలి అనేది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. అయినా ఆమె చూసుకున్న రోగుల్లో ఎవరికీ వీపు మీద పుండు పడలేదని డాక్టర్లే చెప్పుకునేవారు.

అలాంటి మనిషి డెబ్బై దాటాక తన ఇంట్లో స్నానాల గదిలోనే జారిపడింది. కళ్ళకు శుక్లాలు పట్టి చాలాకాలమైంది. ఊళ్ళోవాళ్ళందరినీ ఆపరేషన్‌కు తరిమిన మనిషి తన వంతు వచ్చేసరికి రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది. తెల్ల టైల్స్ మీద తెల్లటి నురగ ఆమెకు ఆనలేదు. తుంటి ఎముక విరిగింది. లోపల గడియ పెట్టుకుని ఉండడంతో, ఎలక్ట్రీషియన్ పని చేసే కొడుకు తలుపు బద్దలుకొట్టి తల్లిని బయటికి తెచ్చాడు. తర్వాత కొత్త తలుపు పెట్టించాడు గానీ దానికి గడియ పెట్టించలేదు.

కోడలు ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. మంచి పిల్ల, చిక్కంతా అక్కడే వచ్చింది. అత్తగారు చెయ్యి చాపేలోపే మంచినీళ్ళ గ్లాసు అందించేది. లేవబోతే కూర్చోమనేది. కూరగాయలు తరుగుతానంటే కత్తిపీట దాచేసింది. ఇలాంటి కోడలు దొరకడానికి పెట్టిపుట్టాలని వీధంతా మెచ్చుకుంది. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు, ముసలి కాళ్ళు ఎంతసేపు? ఎముక అతుక్కుంది కానీ తొడల్లో కండ కరిగిపోయింది. పడుతుందేమోనన్న భయం మొదట ఇంట్లోవాళ్ళది. రోజూ వినీ వినీ ఆమెకూ అంటుకుంది. గోడ పట్టుకోకుండా గుమ్మం దాటలేని స్థితికి వచ్చింది.

అన్నీ సహించింది గానీ స్నానం దగ్గర మాత్రం ఆమె ప్రాణం చచ్చిపోయేది. కోడలు చంటిపిల్లకు పోసినట్టు, వేడి సరిపోయిందా అని అడిగి అడిగి పోసేది. కసిరినా బాగుండేది, పోట్లాడడానికైనా వీలుండేది. ఎంతోమంది ఒళ్ళు చూసిన మనిషికి తన ఒళ్ళు ఇంకొకరు చూడడం సిగ్గనిపించింది. మామూలు సిగ్గు కాదు, స్నానమయ్యాక అన్నం సయించేది కాదు.

ఒకరోజు కొడుకుని పిలిచి, తలుపుకు గడియ పెట్టించమని, తన స్నానం తనే చేసుకుంటానని చెప్పింది. కుదరదన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆమె. కొడుకు పుట్టింది కూడా ఆ కడుపునే. దాంతో ఆమె స్నానం మానేసింది. నాలుగు రోజులు గడిచేసరికి ఇంట్లోవాళ్ళు ముక్కు పక్కకు తిప్పుకుని మాట్లాడడం మొదలుపెట్టారు. ఆఖరికి కోడలే ఏడుస్తూ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పెద్దాయాని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. ఆమె లేవలేకపోయింది. డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఎముక ఎప్పుడో అతుక్కుందమ్మా. ఇప్పుడు ఈవిడని కూర్చోబెడుతోంది మీ మంచితనమే."

పాపం, కోడలి మొహంలో కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. అంత చాకిరీ చేసి ఆ మాట పడడం అన్యాయమే. కానీ అబద్ధం కాదు.

ఆ తర్వాత ఇంటి పద్ధతి మారింది. కళ్ళకు ఆపరేషన్ అయింది. పెద్దాయా రోజూ కుర్చీలోంచి లేచి కూర్చుంటూ, ఒక్కోసారికీ ఒక్కొక్కరిని తిట్టేది. అత్తగారు గ్లాసు కోసం వెతుక్కుంటుంటే కోడలు పెదవి కొరుక్కుని, మిషన్ మీంచి కాలు తియ్యకుండా కూర్చునేది. చెయ్యడం కన్నా ఊరుకోవడమే ఆ పిల్లకు కష్టమైంది. కొడుకు స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించాడు, కింద రబ్బరు చాప పరిచాడు, లోపల ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. మూతి ముడుచుకునే చివరికి గడియా బిగించాడు. అయితే ఒక షరతు పెట్టాడు. నీళ్ళ చప్పుడు బయటికి వినబడుతూ ఉండాలి.

రోజూ అత్తగారు లోపలికి వెళ్ళగానే కోడలు మిషన్ ఆపి తలుపు పక్కన నిలబడేది. గోడలకు చెవులుంటాయని విన్నాను, మా ఇంట్లో తలుపుకి కూడా మొలిచాయి అని లోపలినుంచి దెప్పేది పెద్దాయా.

ఒక ఉదయం నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. కోడలు పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఉన్న బలమంతా కూడదీసుకుని భుజంతో తలుపు తోసింది. తలుపు ఇట్టే తెరుచుకుంది. తోసిన ఊపుకి తనే పడబోయి కడ్డీ పట్టుకుంది.

పెద్దాయా కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళంతా నురగ, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పిలిస్తే పలకరేం అత్తయ్యా?"

"కాసేపు ఊరికే కూర్చున్నా. పలికితే మళ్ళీ మాటలు మొదలవుతాయి."

కోడలు అప్పుడు గడియ వంక చూసింది.

"గడియ పెట్టుకోలేదా?"

"ఎప్పుడూ పెట్టుకోలేదు. ఆ రోజు కిందపడి, మీరు వచ్చేదాకా దాని వంకే చూస్తూ పడున్నా. మళ్ళీ పెడతానా?"

"మరి దానికోసం అంత గొడవెందుకు చేశారు?"

"అది ఉంటేనే కదే, పెట్టుకోకపోవడం నా ఇష్టమయ్యేది."

కోడలు తలుపు దగ్గరగా లాగి, ఈసారి అక్కడ నిలబడకుండా వెళ్ళి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.