బారులో గడ్డిదూడ

ఇప్పుడు ఏది తిన్నా, ఏది మానినా దానికో పేరుంది. ఆ రోజుల్లో మానేసినవాణ్ణి పిచ్చోడనేవాళ్లు, అంతే. నాకప్పుడు నలభై. అక్షరాలు కొత్తగా నేర్చి, కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేవాణ్ణి. (ఎవరూ వద్దనకపోవడమే నా చదువుకు దక్కిన గౌరవం.)

ఆ ఏడు మా బర్రె దూడ చనిపోయింది. దాని తోలులో వరిగడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టాను. మా వైపు అందరూ చేసేదే. బర్రె ఆ గడ్డిదూడను తన దూడే అన్నట్టు నాకుతూ పాలు చేపింది, నేను పిండాను. చెంబు నిండింది గానీ మోసం చేసి పిండిన ఆ పాలు తాగబుద్ధి కాలేదు. ఆనాటి నుంచి పాలు, పెరుగు, నెయ్యి, మాంసం అన్నీ బంద్. (అమ్మడం మాత్రం మానలేదు, అంత పుణ్యాత్ముణ్ణి కాను.)

మాచేత పత్తి విత్తనాలు పండించి కొనే సీడు కంపెనీ సారు, మా బోరు కింది ఎకరానికి విత్తనం ఇస్తాడో లేదో తేల్చే రోజు, మా బామ్మర్ది సారునూ నన్నూ గద్వాలలో కొత్తగా పెట్టిన ఏసీ బారుకు తీసుకుపోయాడు. "బావా, సారు ముందల నీ యవ్వారం పెట్టకు. తనతోని తిననోన్ని ఆయన నమ్మడు," అన్నాడు మెట్ల మీదే.

మిట్టమధ్యాహ్నం లోపల నీలి దీపాలు. తినేది కనిపిస్తే ఎవడూ తినడని కాబోలు. మెనూ అంతా ఇంగ్లీషే. నా చదువు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ప్యూర్ వెజ్ ఉందన్నా," అన్నాడు వెయిటరు.

"అండ్ల పాలున్నయా?"

"మీగడేస్తరు."

"గిది?"

"పెరుగుల నానబెడ్తరు."

"గదో?"

"పైన నెయ్యి పోస్తం."

"పాలు ముట్టనిది ఏం లేదా మీ తాన?"

"ఐసు ఉందన్నా."

సారు మొహం ముడుచుకుంది. "రైతునంటివి, పాలు తాగవా? గిసొంటోనికి పత్తెట్ల ఇయ్యాలె?"

బామ్మర్ది వెయిటరు చెవిలో ఏదో ఊదాడు. నాకో పొడుగాటి గ్లాసు వచ్చింది. అంచుకు ఉప్పు, పైన కాగితం గొడుగు, లోపల నిమ్మకాయ నీళ్లు. (గొడుగెందుకో ఇప్పటికీ తెలియదు. పైన కప్పు బాగానే ఉంది.) వెనకే ఓ ప్లేటు. మీల్‌మేకర్ ముద్దను పుల్లకు చుట్టి, ఎర్రగా వేయించి, అచ్చం కోడికాలులా నిలబెట్టారు.

"పాల్లేవు, పాపం లేదు. తిను బావా."

"ఇది గడ్డిదూడరా! నన్ను బర్రెను జేసి నాకమంటున్నవా?"

"ఏమంటుండు మీ బావ?" అన్నాడు సారు.

"మస్తుగుందంటుండు సారు," అంటూ బామ్మర్ది నా కాలు తొక్కాడు.

సారు పక్క కుర్చీలో విత్తనాల సంచి ఉంది. దాన్ని చూశాను, ఎకరం గుర్తొచ్చింది. పుల్ల పట్టుకుని కొరికాను. రబ్బరు చెప్పుకు మసాలా రాసినట్టుంది. "మంచిగుంది సారు," అన్నాను. వేళ్లు కూడా నాకాను.

విత్తనం దొరికింది. చాలా ఏళ్లు ఆ బారును తిట్టుకుంటూ తిరిగాను. ఆ రోజు సాయంత్రం పాలు పిండడానికి చెంబు పట్టుకుని కూర్చుంటే, బర్రె గడ్డిదూడను నాకడం ఆపి నా వైపు ఓసారి చూసి, మళ్లీ నాకింది. బర్రె మోసపోయిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అది ఉత్త గడ్డేనని నాలాగే దానికీ తెలిసే ఉంటుంది. దాని ముందు ఏ సంచి ఉందో నేనే అడగలేదు.