బీరువాలో నా అర

మొన్న ఆదివారం పొద్దున మస్కట్ నుంచి మా బామ్మర్ది వీడియో కాల్ చేసి, ఇక చాలు బావా, వచ్చే నెలలో పూర్తిగా వచ్చేస్తున్నాను, వచ్చాక ఎలా బతకాలో నాలుగు మాటలు చెప్పు అని అడిగాడు. కరీంనగర్‌లో ప్లాటు కొనాలా, నస్పూర్‌లో బొగ్గుగని కాలనీ పక్కన దుకాణం పెట్టాలా, బీపీ గోలీలు అక్కడివే తెచ్చుకోవాలా అని అతని ప్రశ్నలు అతనికున్నాయి. ఏడాది దాకా ఏ వ్యాపారంలోనూ వేలు పెట్టవద్దని, అడిగిన చుట్టానికల్లా మాట ఇచ్చేయవద్దని నాకు తోచింది చెప్పాను కానీ, నా చూపంతా అతని వెనుక గోడకు ఆనించి ఉన్న చక్రాల సూట్‌కేసు మీదే ఉంది. నాకు తెలిసిన అసలు సలహా ఆ పెట్టె గురించే.

మాది నేత కుటుంబం. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఆ సాంచెల మీద వచ్చే కూలి ఇంటికి చాలక, రెండో బిడ్డ పుట్టిన ఏడాది కుట్టుపని నేర్చుకుని మస్కట్ విమానం ఎక్కాను. రెండంతస్తుల ఇనుప మంచాలున్న గదిలో నన్ను దింపి వెళ్ళిపోతే, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా వచ్చి తిరిగి తీసుకుపోతారేమో అన్నట్టు కూర్చున్నాను. ఆ గదిలో అందరికంటే పెద్దాయన, బోథ్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు, మాటల్లో సగం మరాఠీ, అందరికీ కాకా. చాయ్ నా చేతికిచ్చి, ఊరూ పేరూ అడగకుండానే నా పెట్టె తీసుకున్నారు.

"ముందుగాల గిది ఖాళీ చెయ్యి బిడ్డా. పెట్టె కండ్ల ముంగట ఉన్నన్ని దినాలు నువ్వు ఈడ ఉండవు, ఆడ ఉండవు."

అని ఊరుకోలేదు. అవ్వ మడతపెట్టి ఇచ్చిన బట్టలను తానే అల్మారీలో సర్ది, ఖాళీ పెట్టెను స్టూలు వేసుకుంటే తప్ప అందనంత పైకి తోసేశారు. మర్నాడు అన్నం గిన్నె తోమే పని నాకు అప్పగించారు. ఇదేం మర్యాద అని లోపల గొణుక్కున్నాను కానీ, ఆ గిన్నె తోముతూ తోముతూనే నేను ఆ గది మనిషినైపోయాను. మీలో గల్ఫు వెళ్ళివచ్చినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మాత్రం కథ వేరు. పెట్టె మూత తెరవగానే అక్కడి సబ్బుల వాసన, అత్తరు వాసన, పాలపొడి వాసన కలిసి ఇల్లంతా నిండేది, పిల్లలు తలలు లోపల పెట్టి పీల్చేవాళ్ళు. ఆ సందడి తగ్గాక పెట్టె కిటికీ కింద నిలబడేది. ఉండేది కొన్నాళ్ళే కదా అని నేను అందులోంచే చొక్కా తీసి, అందులోనే పెట్టుకునేవాణ్ణి. వచ్చినవాళ్ళంతా "ఎప్పుడొచ్చినవ్?" అని అడిగి, నేను జవాబిచ్చేలోపే "మల్లెప్పుడు పోతవ్?" అనేవాళ్ళు. అడగడంలో ప్రేమే ఉండేది, కానీ ఆ మాట వినబడగానే మా ఆవిడ ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయేది. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా ఆ పెట్టెను జరిపేది కాదు, దాని చుట్టూ ఊడ్చి వదిలేసేది. పచ్చళ్ళ సీసాలు పెట్టెలోకి చేరడం మొదలైతే పిల్లలు నా మంచం వదిలేవాళ్ళు కాదు.

పిల్లల పెళ్ళిళ్ళయ్యాక, కంటికి సూది ఆనడం మానేశాక, పూర్తిగా వచ్చేశాను. ఇక హాయిగా ఉంటామనుకున్నాను. కానీ మా ఆవిడ నన్ను పెళ్ళికొచ్చిన వియ్యంకుణ్ణి చూసినట్టు చూడసాగింది. తనకు స్టీలు గ్లాసులో చాయ్, నాకు కప్పూ సాసరూ. స్నానానికి వెళితే కొత్త తువ్వాల. తను వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే, నేనూ ఓ చెయ్యి వేద్దామని పోతే, "నువ్వు కూసో" అనేది. అంత మర్యాద నాకు బెంగ పుట్టించింది. నేను లేకుండా బతకడం ఆమెకు అలవాటైపోయింది, ఈ ఇంట్లో ఇక నాకు పనేమీ లేదు అనిపించింది. తిరిగి వెళ్ళిపోదామా, ఇంకా మస్కట్‌లోనే ఉన్న కాకాకు ఫోన్ చేసి ఏదైనా దుకాణంలో బట్టలు మడతపెట్టే పనైనా చూడమందామా అని కూడా ఆలోచించాను.

అలా ఉండగా ఒక శనివారం కొండగట్టుకు వెళ్ళాం. ఏ సెలవుకైనా వచ్చినప్పుడోసారి, పోయేముందోసారి అంజన్న దర్శనం మాకు ఆనవాయితీ. దర్శనం చేసుకుని మెట్లు దిగుతూ ఆమె ఉన్నట్టుండి ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎప్పటిలెక్కనే నువ్వు సల్లంగ పోయి రావాలెనని మొక్కిన. నోటికి గదే వచ్చింది."

నేనూ నవ్వాను. అంతలోనే ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

"మల్ల పోతవా ఏంది? పెట్టె గట్లనే పెట్టుకున్నవు."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పరాయి దేశంలో దిగిన రోజే ఖాళీ అయిన పెట్టె, సొంత ఇంట్లో ఇంకా కిటికీ కిందే నిలబడి ఉంది. నేను ఉంటాననే నమ్మకం ఆమెకు ఎలా కలుగుతుంది? పోయేవాణ్ణని మర్యాద చేస్తోంది, ఆ మర్యాద చూసి నేను పోదామనుకుంటున్నాను.

ఇంటికి రాగానే బట్టలన్నీ మంచం మీద కుమ్మరించాను. తీరా చూస్తే బీరువాలో నాకంటూ ఒక అర లేదు, ఎన్నడూ లేదు. ఆమె నడిమి అరలో ఉన్న చీరలు, నేను తెచ్చినవే, మడత విప్పనివి, అన్నీ తీసి కింది అరలోకి మార్చి, అక్కడ నా లుంగీలు, చొక్కాలు సర్దింది. సూట్‌కేసులో పాత బొంతలు కుక్కి, ఇద్దరం కలిసి సజ్జ మీదికి ఎక్కించాం. మర్నాడు పొద్దున చాయ్ స్టీలు గ్లాసులో వచ్చింది. వాకిట్లోంచి కేక కూడా వినబడింది.

"ఇగో, గా తునికాకు జర తడిపి పెట్టు!"

ఎంత సంతోషంగా లేచానో చెప్పలేను.

కాకా ఇప్పుడు లేరు. ఆయనా ఊరికి వచ్చేశాక బోథ్‌లో చూడబోయినప్పుడు, తన సూట్‌కేసులో గడ్డి పరిచి కోడిని పొదగేసి ఉంచారు, చూసి ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. ఇప్పుడంతా ఫోన్ల కాలం, మా బామ్మర్ది తన ఇంట్లో పొయ్యి మీద ఏ కూర ఉందో మస్కట్‌లో కూర్చుని రోజూ చూస్తాడు. అయినా టికెట్ కంటే ముందు బీరువాలో ఒక అర ఖాళీ చేయించుకోమని అతనికి చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. అక్కడి సబ్బులూ అత్తర్లూ ఇప్పుడు కరీంనగర్ బజారులోనే దొరుకుతాయి, పెట్టె తెరిస్తే చుట్టూ మూగే పిల్లలు లేరు, మల్లెప్పుడు పోతవ్ అని అడిగేవాళ్ళూ లేరు.

మొన్నటి చలికి బొంతలు కావాలంటే సజ్జ మీది పెట్టె దింపి మూత తీశాను. ఇన్నేళ్ళయినా అడుగున ఎక్కడో ఆ పాత వాసన మిగిలే ఉంది. మా ఆవిడ పక్కన వంగి, పిల్లల్లా తల లోపల పెట్టి పీల్చింది. ఆ పెట్టెను చూస్తే ఒకప్పుడు మొహం తిప్పుకున్న మనిషి.

"జల్ది మూత వెయ్యి," అంది, "వాసన పోతది."