స్నానాలింటి జంతువు, కళ్ళు తెరవని పెద్దమ్మ

ఆ కొరియా సినిమా మీద మా అక్కకూ బావకూ నాకూ మూడు అభిప్రాయాలు. మూడింట్లో తప్పు అభిప్రాయం నాది. అది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు ఒప్పుకున్నందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, అయినా రాస్తున్నాను.

నాది నంద్యాల. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. ఆధార్ కార్డులూ పొలం పాసుపుస్తకాలూ కాపీలు తీసిస్తూ, గిరాకీ లేనప్పుడు ఫోన్లో సినిమాలు చూస్తుంటాను. చూసినవాటి మీద వీడియోలు చేసి పెడుతుంటాను. తెలుగు డబ్బింగులో వచ్చే కొరియా సినిమాలంటే మరీ మోజు. నా వీడియోల్లో నా మొహం కనపడదు, గొంతు మాత్రమే వినపడుతుంది. బాగుందని చెప్తే ఎవరూ చూడరని నాకు తొందరగానే అర్థమైంది, అందుకని ఏ సినిమా దొరికినా ఉతికి ఆరేయడమే పనిగా పెట్టుకున్నాను. పాములపాడు నుంచీ మిడుతూరు నుంచీ కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళు నేను నోరు తెరవగానే "ఆ వీడియోలాయన నువ్వే గదన్నా!" అనేవాళ్ళు. నేను లోలోపల ఉబ్బిపోయేవాణ్ణి.

మా అక్కను ఆళ్ళగడ్డలో ఇచ్చాం. బావ శిల్పి. వాళ్ళ తాతల నుంచీ అదే పని. ఇంటి ముందర రేకుల షెడ్డు, అందులో నల్లరాళ్ళు, సగం తేలిన నందులు, చేతులు ఇంకా రాని ఆంజనేయులు. ఇప్పుడు కట్టర్లూ గ్రైండర్లూ వచ్చాయి గానీ, మొహం దగ్గరికి వచ్చేసరికి బావ ఉలీ సుత్తీ తప్ప ఇంకోటి పట్టడు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహానికి మొహం పూర్తయినాక దానికి గుడ్డ కట్టేస్తారు. కళ్ళ గీతలు మాత్రం వదిలేసి, ఆ విగ్రహం ఏ ఊరిదైతే ఆ ఊరికి తీసుకుపోయి, ఒక్కపొద్దుండి, గుడి ముందర బావే ఉలితో కళ్ళు తెరిపిస్తాడు. అప్పటిదాకా ఆ గుడ్డ ఎవరూ తీయకూడదు. అక్క కూడా దాని కిందికి తొంగి చూడదు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళింట్లో టీవీలో ముగ్గురం ఆ సినిమా చూశాం. కొండ మీద మూతపడిన స్నానాల ఇల్లు ఒకటి. ఊరివాళ్ళంతా కలిసి వేడినీళ్ళ తొట్లలో కూర్చునే చోటు అన్నమాట. దాన్ని మళ్ళీ తెరుస్తారు. మూసి ఉన్నన్నాళ్ళూ బాయిలరు గదిలో ఏదో జంతువు పెరిగి ఉంటుంది. ఎనుబోతంత ఒళ్ళు, నీళ్ళలో నానిన వేళ్ళలాగా ముడతలు పడ్డ చర్మం, నోరు తెరిస్తే రెండు వరసల కోరలు. మొదటి అరగంటలోనే ఇద్దరిని మింగేస్తుంది. కానీ మీదికి దూకబోయిన ప్రతిసారీ సబ్బు నీళ్ళ మీద కాలు జారి దభీమని వెల్లకిలా పడుతుంది. ముసలాళ్ళు ఒక చేత్తో తువ్వాలు జారకుండా పట్టుకుని, ఇంకో చేత్తో చెంబులు విసురుతూ పరిగెత్తుతుంటారు.

అక్క పడీ పడీ నవ్వింది. మధ్యలో కెవ్వుమని నా మోచెయ్యి పట్టుకుంది. అయిపోయాక నేను మొదలుపెట్టాను. భయపెట్టాలో నవ్వించాలో తీసినవాడికే తెలియలేదనీ, రెంటికీ చెడ్డాడనీ అన్నాను.

"నీకేందిరా కష్టం? పెండ్లింట్లో నగుతాం, పిల్లను పంపేటప్పుడు ఏడుస్తాం. రెండూ ఒకే పొద్దు చెయ్యమా మనం?" అంది అక్క.

బావ సినిమా అంతా ఒక్కసారి కూడా నవ్వలేదు. తువ్వాలుతో చేతులకంటిన రాతి దుమ్ము తుడుచుకుంటూ, "కాలు జారినప్పుడు దాని మొగం సూసినావాప్పా?" అన్నాడు.

"దాని మొగం ఎవుడు సూస్తాడు బావా! పడేది సూస్తారు గానీ."

"సూడాల. పడేటప్పుడు దానికే భయమైతాంది. ఆ మొగం చేసినోడెవుడో గానీ బో పనోడు."

నేను నవ్వేశాను. రాళ్ళు కొట్టే మనిషికి సినిమా గురించి ఏం తెలుస్తుందని మనసులో అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అన్నాలు తిని బావ కునుకు తీశాడు, అక్క గిన్నెలు తోముకుంటోంది. నేను షెడ్డులోకి వెళ్ళాను. మధ్యలో మనిషెత్తు గ్రామదేవత పెద్దమ్మ విగ్రహం, మొహానికి తెల్లగుడ్డ కట్టి ఉంది. బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెవాళ్ళు చెప్పి చేయించుకుంటున్నారు. ఆ ఊరి విగ్రహాలన్నీ బావ తాత కాలం నుంచీ ఈ ఇంట్లోనే తయారయ్యాయి. బావ మూడు నెలలు ఇంకో పని ముట్టుకోకుండా చేశాడు దాన్ని. నాకు బుర్రలో ఒక వీడియో మెరిసింది. కళ్ళు తెరిపించేదాకా అది రాయే అని బావే ఎన్నోసార్లు అన్నాడు కదా, రాయిని ఫోటో తీస్తే తప్పేముంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ముడి విప్పి గుడ్డ తీశాను.

కోరలు, చాచిన నాలుక, కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి. ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా ఫోన్ తీసి అన్ని వైపుల నుంచీ వీడియో తీసుకున్నాను. గుడ్డ మళ్ళీ ఎట్లా ఉందో అట్లాగే కట్టేసి నంద్యాల బస్సెక్కాను.

మరుసటి రోజు వీడియో పెట్టాను. ఒక పక్క కొరియా జంతువు, ఇంకో పక్క మా ఆళ్ళగడ్డ పెద్దమ్మ. ఎవరి కోరలు పెద్దవి, సబ్బు నీళ్ళ మీద ఎవరు ముందు జారుతారు, ఇద్దరికీ కుస్తీ పెడితే తువ్వాలు ఎవరు పట్టుకుంటారు అంటూ నోటికొచ్చినట్టు వాగాను. నేను చేసిన వీడియోలన్నింట్లో జనం ఎక్కువ నవ్విందీ, నేను ఎక్కువ సంబరపడిందీ దానికే. వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. బావకు ఎవరైనా చూపిస్తారేమోనని ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాతి ఆదివారం మామూలుగానే ఆళ్ళగడ్డ పోయాను. బావ షెడ్డులో పని చేసుకుంటున్నాడు. అక్క మాత్రం, "సూపించినార్లే రా ఈది వాళ్ళు, నేనూ మీ బావా సూసినాం" అని అంతటితో ఆపేసి కంచం పెట్టింది. నేను తల వంచుకుని తింటున్నాను. అంతలో వాకిట్లో మినీ లారీ ఆగింది. ఆ పల్లె నుంచి పెద్దాయనా ఇంకో ముగ్గురూ దిగారు. లారీలో మందంగా వరిగడ్డి పరిచి ఉంది. ఒకాయన చేతిలో టెంకాయల సంచీ ఉంది. కొట్లాటకు వచ్చేవాళ్ళు గడ్డి పరుచుకుని ఎందుకొచ్చారా అని కిటికీలోంచి చూసి అనుకున్నాను గానీ, అంతకుమించి నా బుర్ర పని చేయలేదు.

వాళ్ళు షెడ్డులో పెద్దమ్మ ముందరే నిలబడ్డారు. బావ ఎదురెళ్ళాడు. పెద్దాయన గొంతు పెంచకుండానే అడిగాడు.

"అమ్మ మొగం మీద గుడ్డ ఎవురు తీసినారప్పా?"

"నేనే తీసినా," అన్నాడు బావ.

నేను ముద్ద కంచంలోనే వదిలేశాను.

"ఆ వీడియో?"

"అదీ నేనే. మా ఇంట్లో ఇంగెవురికీ సంబంధం ల్యా."

పెద్దాయన ఆయన్ను చాలాసేపు చూశాడు. తర్వాత ఇంటి గడప వైపు చూశాడు. మళ్ళీ బావ వైపు తిరిగి, "నువ్వేనా?" అన్నాడు.

"నేనే పెద్దాయనా."

నేను లేవలేదు. చెయ్యి ఎంగిలి, కడుక్కోకుండా పెద్దమనుషుల ముందుకు ఎట్లా పోవాలి అనుకున్నాను. నిజంగానే ఆ మాట అనుకున్నాను. చెంబు నా పక్కనే ఉంది, నిండా నీళ్ళతో.

"సరేప్పా. ఇంగ మాకొద్దులే ఈ విగ్రహం," అని పెద్దాయన వెనక్కి తిరిగాడు. గడ్డి గడ్డిగానే, టెంకాయలు టెంకాయలుగానే లారీ వెళ్ళిపోయింది. అక్క వచ్చి నా కంచం ముందు నిలబడింది.

"అన్నం తింటాంటివి గదరా," అంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే వీడియో తీసేశాను. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఎప్పటిలాగే బస్టాండు దాకా బండి మీద దింపాడు. ఆ ఊరివాళ్ళు వేరేచోట చేయించుకున్నారని తర్వాత విన్నాం. తాతల నాటి నుంచీ ఉన్న సంబంధం నా వెకిలి వీడియో వల్ల తెగిపోయిందని నేను కుమిలిపోయాను. షెడ్డులో పెద్దమ్మ ఒక మూలకు జరిగింది, గుడ్డ మాత్రం ఊడలేదు. ఇంకో ఊరివాళ్ళు అడిగినా బావ ఇవ్వలేదు. ఒక ఊరి పేరు చెప్పి మొదలుపెట్టిన అమ్మను ఇంకో ఊరికి పంపనన్నాడు. నేను పోయినప్పుడల్లా ఆ మూల వైపు చూడకుండా లోపలికి నడిచేవాణ్ణి.

మొన్నామధ్య వాన వల్ల షాపులో గిరాకీ లేక ఆ సినిమా మళ్ళీ పెట్టాను. ఈసారి జంతువు కాలు జారినప్పుడల్లా ఆపి మొహం చూశాను. బావ చెప్పింది నిజం. పడేముందు దాని కళ్ళు అటూ ఇటూ వెతుకుతాయి, ఎవరైనా పట్టుకుంటారేమో అన్నట్టు. పెద్ద నోరు తెరుచుకుంటుంది, కానీ అది మింగడానికి కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు చెంబులు విసురుతుంటారు. ఫోన్ పక్కన పెట్టేసి ఏడ్చాను. సినిమా కోసం కాదు అని చెప్పక్కర్లేదు.

మర్నాడు షాపు తెరవకుండా ఆ పల్లెకు పోయాను. పెద్దాయన రోడ్డు వారన మొక్కజొన్నలు ఆరబోస్తున్నాడు. నేను చెప్పులు విడిచి నిలబడి, దారంతా కూడబలుక్కున్నది చెప్పేశాను. గుడ్డ తీసింది నేను, వీడియో నాది, బావకు ఏ పాపమూ తెలియదు అన్నాను.

"తెల్సునప్పా," అన్నాడు ఆయన, గింజలు కలబెడుతూనే. "గొంతు యింటానే మా పిల్లోళ్ళు చెప్పిరి, నంద్యాల జిరాక్స్ షాపాయన అని."

"తెలిసేనా విగ్రహం వద్దన్నారు?"

"నువ్వు చేసిన దానికి వద్దనలేదు. పిలగాడు తెలివి తక్కువ పని చేసినాడు, టెంకాయలు కొట్టి శాంతి చేపిచ్చి అమ్మను ఎత్తుకొని పోదామనే బండి తెచ్చినాం. గడ్డి పరుచుకోనొచ్చింది సూడలేదా నువ్వు?"

చూశాను.

"మీ బావ అమ్మ ముందర నిలబడి అబద్ధం చెప్పె. పోనీ అని రెండోసారి అడిగితి. మళ్ళీ అదే చెప్పె. ఆ చేత్తో అమ్మకు కండ్లు ఎట్ల తెరిపిచ్చుకుంటామప్పా? మా ఊరు ఒప్పుకోలా." ఆయన నడుం మీద చేయి పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "నీ చెప్పులు గడప కాడనే వుండె. వస్తావేమో అని శానాసేపు సూస్తి."

తిరిగి వచ్చేటప్పుడు నంద్యాలలో దిగి, ఇంటికి పోకుండా ఆళ్ళగడ్డ బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఏడాదిగా నేను మోసింది నా వీడియో తాలూకు తప్పు. అసలు తప్పు నిండు చెంబు పక్కన పెట్టుకుని కూర్చోవడం. ఒక్కసారి చేయి కడుక్కుని గడప దాటి ఉంటే పెద్దమ్మ ఆ పూటే గడ్డి మీద పడుకుని తన ఊరికి పోయేది.

బావ షెడ్డులో నంది మూపురం నున్నగా చేస్తున్నాడు. అక్క పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఇంకోసారి దాచిపెట్టే ఓపిక నాకు లేదు. పెద్దాయన అన్నది అన్నట్టే చెప్పేశాను.

బావ సుత్తి ఆపాడు. కాసేపు ఏదో లెక్క తేలనట్టు నా వైపు చూశాడు.

"అవునప్పా," అన్నాడు మెల్లగా. "గొంతు నీది గదా. నాకు తట్టనే ల్యా."

తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలాగా, కళ్ళలో నీళ్ళొచ్చేలాగా నవ్వాడు. "పుట్టినాక ఒక్క అబద్ధం ఆడితి. అదీ సక్కంగా ఆడల్యాకపోతి సూడు!" అని అక్కతో చెప్పి మళ్ళీ నవ్వాడు. అక్కకు కూడా నవ్వాగలేదు.

కాలు జారినప్పుడు దాని మొహం చూడాలని నాకు చెప్పింది ఆయనే. నేను ఆయన మొహం చూశాను. నోరు నవ్వుతోంది గానీ, కళ్ళు మాత్రం మూలన గుడ్డ కట్టుకుని ఉన్న పెద్దమ్మ వైపు పోయి అక్కడే ఆగిపోయాయి.