గ్రైండరు పెట్టెలో ఇటుకరాయి

2009లో చిత్తూరు నడిబజారులో, ఐదొందల మంది ఎదుట ఇంటర్నెట్‌ను ఓడించినవాడిని నేను. ఇప్పటి పిల్లలు నమ్మరు. ఫోను తీసి ఏదో నొక్కి, "రేపు వచ్చేస్తాది తాతా" అంటారు. రానీ. నేను చెప్పేది మాత్రం నా కండ్లెదుట జరిగినదే.

నాది వెట్ గ్రైండర్ల అంగడి. ఇడ్లీకి, దోసెకు తడిపిండి రుబ్బే యంత్రాలన్నమాట. సరుకు కోయంబత్తూరు నుంచి వచ్చేది. మా వ్యాపారానికి ప్రాణం డెమో. కొనే మనిషి తన ఇంట్లో నానేసిన బియ్యం, మినపప్పు గిన్నెల్లో తెస్తాది. మేము ఆమె ముందరే రుబ్బి చూపించాల. రుబ్బిన మినప్పిండి ఒక చుక్క తీసి చెంబు నీళ్లలో వేస్తాది. తేలితే బేరం, మునిగితే పక్కంగడి. ఈ పరీక్ష చేయకుండా గ్రైండరు కొన్న ఆడమనిషిని మా ఊర్లో నేను చూడలేదు.

మునిరత్నమ్మ ఈ పరీక్షకు పెద్దాఫీసరు మాదిరి. మొగుడి పని పోయినాక దోసెపిండి రుబ్బి అమ్ముదామని చూస్తా ఉన్నింది. ఒకసారి తప్పు గ్రైండరు కొంటే ఇంకోటి కొనే తాహతు ఆ ఇంటికి లేదు. అందుకని వచ్చినప్పుడల్లా ఒక్కో మోడలు రుబ్బించేది. పిండి మాత్రం ఇంటికి తీసుకుపోయేది. ఆ నెల వాళ్లింట్లో కాల్చిన దోసెలన్నీ నా కరెంటుతో అయినవే. అయినా నేను నోరెత్తలేదు. ఆమె ఏది కొంటే వాళ్ల వీధంతా అదే కొంటాది.

ఒకనాడు ఆమె గిన్నెతో వచ్చి, "అన్నా, మా అల్లుడు బెంగుళూరులో నెట్‌లో సూసినాడంట. ఇదే కంపెనీ, ఇదే మోడలు. నీకంటే తక్కువంట" అనింది.

నాకు మండింది. "ఎందుకు తక్కువుండదమ్మా! పెట్టెలో ఇటుకరాయి పెట్టి పంపిస్తే తక్కువే. యాడో ఎవరో ఎక్కిస్తారు, ఈడ నువ్వు పెట్టె తెరిచి నెత్తి కొట్టుకోవాల."

"నువ్వు సూసినావా?"

"సూసినా. పలమనేరులో ఒకాయనకు వచ్చింది ఇటుక."

ఆయన పేరేమని అడగలేదు, నా అదృష్టం. లేని మనిషికి అప్పటికప్పుడు పేరు పెట్టేది కష్టం.

మునిరత్నమ్మ గిన్నె బల్ల మీద పెట్టింది. "అట్లయితే నువ్వే ఒకటి తెప్పించు. ఇటుక వస్తే ఆ పొద్దే నీ గ్రైండరు కొంటా, వీధంతా తిరిగి సెప్తా. మంచిది వస్తే దాన్నే నాకియ్యి."

సరేనన్నాను. ఎదురుగా ఉండే నెట్ సెంటరాయన తన కార్డుతో బుక్ చేసినాడు. ధర చూసి నాకు తల తిరిగింది. నేను ఆమెకు చెప్పిన ధర కన్నా తక్కువ, అది సరే. కంపెనీ నాకిచ్చే డీలర్ ప్రైస్ కన్నా కూడా తక్కువ! అంటే నేను సరుకు ఎత్తే ధర కన్నా. ఇన్నేండ్లు వాళ్ల బోర్డు నా తలుపు మీద మోసినాను. వాళ్లేమో నాకు తెలియకుండా వెనకవాకిట్లో అమ్ముకుంటా ఉన్నారు. దాంతో నాకు ఇటుక మీద ఆశ ఇంకా పెరిగింది.

కొరియరాయన పెట్టె దించిన సాయంత్రం బజారంతా కబురు పెట్టినాను. మునిరత్నమ్మ ముందర నిలబడింది. "సూడండప్పా ఇటుక!" అంటా కత్తితో టేపు కోసినాను.

లోపల థర్మాకోలు. దాని లోపల గ్రైండరు. నా అంగట్లో ఉన్నదానికి కవలపిల్ల. పైగా కొబ్బరి తురిమే సామాను ఉచితం. నాకు కంపెనీ ఎన్నడూ ఇయ్యలేదు దాన్ని.

"బాగా తడుమన్నా, ఇటుక అడుగున ఉండాదేమో" అన్నాడు కొరియరాయన.

"తళుకు చూస్తే ఏమొస్తాది? డెమో ఎవరిస్తారు?" అన్నాను, ఆఖరి ఆశతో.

మునిరత్నమ్మ సంచిలోంచి గిన్నె తీసింది. "నువ్వే."

నా అంగట్లో, నా కరెంటుతో, నేనే రుబ్బినాను. ఆమె చుక్క పిండి తీసి చెంబులో వేసింది. మునగరా నాయనా, మునగరా అని లోపలే మొక్కుకున్నాను. తేలింది. బాతు మాదిరి తేలింది.

ఇక నిజం చెప్పేస్తాను. ఐదొందల మంది అన్నాను గదా, పాతికమంది ఉంటారేమో. అందులో సగం బస్సు కోసం నిలబడినవాళ్లు. ఓడించినాననేది కూడా కొంచెం సాగదీసిందే. ఆమె ఆ నెట్ గ్రైండరే ఎత్తుకుపోయింది. వీధంతా ఆమె వెంట పోయింది. కాకపోతే, వాళ్లు తెప్పించుకున్న పెట్టెలు ఒక్కొక్కటే నా అంగడికి రావడం మొదలైనాయి. "తెరిచి, రుబ్బి సూపించన్నా" అని. అది మొదలు రుబ్బిచ్చినందుకు, బెల్టు మార్చినందుకు కూలి తీసుకోవడం నేర్చుకున్నాను. అమ్మకం పోయింది, సర్వీసు మిగిలింది. కొత్త మోడళ్లు మెరిసిన చోట ఇప్పుడు జనం తెచ్చి పడేసిన పాత గ్రైండరు డ్రమ్ములు ఉన్నాయి.

ఆ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. సరుకు యాడినుంచైనా రావచ్చు. అది చెడిపోయినప్పుడు నిలబెట్టి తిట్టేదానికి మాత్రం, నడిచిపోయేంత దూరంలో ఒక మనిషి ఉండాల. మా బజారులో ఆ ఉద్యోగం నాది.

ఇంతవరకు రాసి, బెల్టు మార్పించుకునేదానికి వచ్చిన మునిరత్నమ్మకే చదివి వినిపించినాను. ఆమె పిండి ఇప్పుడు నాలుగు వీధులకు పోతాది. అంతా విని తల అడ్డంగా ఊపింది.

"అట్ల కాదన్నా జరిగింది. నేను నెట్ మాట ఎత్తినది నువ్వు కొంచెం తగ్గిస్తావని. ఆ పొద్దు దుడ్డు కొంగున కట్టుకోనే వచ్చినా, నీ గ్రైండరు కొనేదానికి. నువ్వు ఇటుక అంటివి, పలమనేరు అంటివి. అంత పచ్చి అబద్ధం సెప్పేవాడి సరుకు ఎట్ల నమ్మేది? నోరు మూసుకోని ఉంటే బేరం నీదే. సదివింది సాలు గానీ, బెల్టు వెయ్యి."