అప్పలసూరి కట్టిన ముడులు

అప్పలసూరికి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి దాచుకుని పదకొండేళ్ళు ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నెగ్గుకొచ్చాడంటే, చదువుకున్నవాళ్ళు ఎదుటి మనిషిని ఏపాటి చూస్తారో మీరే ఆలోచించుకోండి.

అతనిది పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డు పల్లె. తెప్ప తిరగబడి కాలు వంకరపోయాక, వేటకి పనికిరాడని ఇంట్లో కూర్చోబెట్టి వలలు బాగుచేయించారు. తర్వాత ఎవరి కాళ్ళో పట్టుకుంటే చీపురుపల్లి దాటాక కొత్తగా వెలిసిన యూనివర్సిటీలో కాంట్రాక్టు అటెండరు పని దొరికింది. ప్రత్యేక సేకరణల గదిలో వేశారు. కరణాల ఇళ్ళ నుంచి, దివాణాల అటకల మీద నుంచి వచ్చిన పాత కాగితాలన్నీ అక్కడే ఉండేవి. శ్రీముఖలింగం తాళపత్రాలు, శ్రీకూర్మం యాత్రికుల కోసం అచ్చేసిన పాటల పుస్తకాలు, జమీందారు మీద రైతులు పెట్టుకున్న అర్జీలు, అన్నీ ఎర్రగుడ్డల్లో కట్టిన మూడువందల కట్టలు. చీటీలను పురుగు తినేసింది. జాబితా రాసిన పాపాన ఎవరూ పోలేదు.

అప్పట్లో ఉన్న ముసలి లైబ్రేరియన్ జగన్నాధం గారు ఒక్కో కట్టా విప్పి ఇది ఫలానా అని చెబుతుంటే, అప్పలసూరి ఒక్కోదానికి ఒక్కో రకం ముడి వేసి గుర్తుపెట్టుకున్నాడు. అన్నీ వలల దగ్గర నేర్చిన ముడులే. ఎవరేం అడిగినా లోపలికి వెళ్ళి, తాళ్ళు తడిమి, క్షణంలో తెచ్చి బల్ల మీద పెట్టేవాడు.

అర్జీల మీద పరిశోధన చెయ్యడానికి యుగంధర్ అనే కుర్రవాడు వచ్చాడు. మూడేళ్ళు "మావా, మావా" అంటూ వెనకే తిరిగాడు. మావ టిఫిను డబ్బాలో చేపల పులుసు సగం అతనే తినేవాడు. ఒకరోజు అప్పలసూరి కాగితాన్ని తలకిందులుగా పట్టుకోవడం చూసి నవ్వాడు.

"సదువు రాదేటి మావా? పర్లేదులే, నేనెవరికీ సెప్పను."

అప్పలసూరి నమ్మాడు. యుగంధర్‌కి డాక్టరేటు వచ్చింది, పుస్తకం అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో ఇష్టదైవం నుంచి క్యాంటీను వరకూ అందరూ ఉన్నారు, అతను తప్ప.

2017లో ఆ యుగంధరే ఆ గదికి ఇన్‌చార్జిగా వచ్చాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. "మావా" పోయి "అప్పలసూరీ" మిగిలింది. అదే ఏడాది, పదేళ్ళు దాటిన కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. ఇన్‌చార్జి సంతకం ఒక్కటి పడితే చాలు. భార్య దేముడమ్మ మొక్కని దేవుడు లేడు. కూతురు శ్రావణి డిగ్రీ చదువు ఆ సంతకం మీదే ఆగి ఉంది.

ఇంతలో తనిఖీ బృందం వస్తోందని యుగంధర్ ఎర్రగుడ్డలన్నీ తీయించి, కాగితాలను ఒకేలాంటి అట్టపెట్టెల్లో పెట్టించి, నంబర్లు అతికించమన్నాడు. తాళ్ళను కత్తెరతో కోసి పారేశారు.

"తాళ్ళు తియ్యకండి బాబూ. అవుంటేనే నాకు తెలుస్తాది" అన్నాడు అప్పలసూరి.

"ఇకనుంచి కంప్యూటరుకి తెలిస్తే చాలు."

నంబర్లు అతికించినవాళ్ళు రెండు రోజుల పనికి వచ్చినవాళ్ళు. ఏ పెట్టెకి ఏ నంబరు పడిందో వాళ్ళకే తెలీదు.

బృందంలో ఒక పెద్దావిడ అర్జీలు చూపించమంది. కంప్యూటరు చెప్పిన పెట్టె తెరిస్తే పాటల పుస్తకాలున్నాయి. పక్కదాంట్లో ఎవరివో శుభలేఖలు.  పరిశోధన చేసిన మూడేళ్ళలో యుగంధర్ ఒక్కనాడైనా ఆ అర్జీల కట్టను తన చేత్తో వెతికి తీసుకున్నవాడు కాదు. అప్పలసూరిని ముందుకు తోశాడు. మూడువందల పెట్టెల్లో తడుముకోవడానికి అప్పలసూరికి ఒక్క ముడీ మిగల్లేదు.

"ఇతనికి చదవడం రాదు మేడమ్" అన్నాడు యుగంధర్ మెత్తగా. "ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశాడు. గది ఇలా తయారవదా మరి?"

ఎవరో నవ్వారు. 

ఆ సాయంత్రం యుగంధర్ ఒక కాగితం తెచ్చి, పర్మనెంటు ఫైలుకి సంతకం పెట్టమన్నాడు. అంత జరిగాక కూడా నమ్మాడా అంటే నమ్మాడు. ఆశ ఆ పని చేయిస్తుంది. శ్రావణి నేర్పిన తన పేరులోని అయిదు అక్షరాలూ కుదురుగా దిద్దాడు. ఇంటికి తెచ్చిన జిరాక్సును శ్రావణి చదివితే తెలిసింది. అర్జీల కట్ట తన అజాగ్రత్త వల్లే పోయిందనీ, బాధ్యత మొత్తం తనదేననీ రాసుంది. ఒకటో తారీఖుకి హాజరుపట్టీలో అతని పేరు లేదు.

రెండు నెలలకి యుగంధర్ ఫోన్ చేశాడు. "వచ్చి ఆ అర్జీలు వెతికిపెట్టు. దొరికితే మళ్ళీ తీసుకుంటాను."

వెళ్ళాడు. మూడు రోజులు పెట్టెలన్నీ విప్పి, ఒక్కో కాగితాన్నీ చూశాడు. ప్రతి అర్జీ కిందా చదువురాని రైతులు వరసగా వేసిన వేలిముద్రలుంటాయి. వాటిని పోల్చుకోవడానికి చదువు అక్కర్లేదు. దొరికిన కట్టను యుగంధర్ చేతిలో పెట్టాడు.

"ఇంక ఆ కాయితం సింపీండి బాబూ."

"అదెలా చింపుతాను? నువ్వు పోగొట్టావని ఉంటేనే కదా, నేను కనిపెట్టినట్టు."

ఉద్యోగం మాట అడిగితే, చూద్దాంలే అని గదికి తాళం వేసుకున్నాడు.

ఆదివారం జిల్లా పేపర్లో అర్జీలు పట్టుకున్న యుగంధర్ ఫోటో వేశారు. దేముడమ్మ టీకొట్టు నుంచి పేపరు అడిగి తెచ్చింది. అప్పలసూరి అందులో తన పేరు తనే పోల్చుకున్నాడు.

"ఇదిగో, నా పేరేసినారు. సదువమ్మా."

శ్రావణి ఒకసారి చూసి పేపరు మడిచేసింది.

"వద్దు నాన్నా."

"సదువమ్మా, మీయమ్మ కూడా ఇంటాది."

శ్రావణి చదివింది. "అప్పలసూరి అనే నిరక్షరాస్యుడి నిర్లక్ష్యానికి చెత్తపాలు కావలసిన మన ప్రాంత చరిత్రను, రేయింబవళ్ళు శ్రమించి వెతికి తీసిన ఘనత డాక్టర్ యుగంధర్‌ది."