పదహారు బెజ్జాల పట్టీ

మా అక్క తన కొప్పు తాను ముడుచుకోలేక పక్కింటామెను పిలవడం చూసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కాదు, ఆ డ్రిల్లింగ్ మిషను మీద.

ఎనభైల మొదట్లో మాట. ఎమ్మిగనూరులో అక్కా బావా మగ్గాలకు డాబీ పట్టీలు చేసేవాళ్ళు. చీర అంచులో పువ్వు పడాలంటే మగ్గం పైన ఈ చెక్క పట్టీలు వరుసగా తిరగాలి. ఒక్కో పట్టీకి పదహారు బెజ్జాలు. బావ చెక్క కోస్తే అక్క బెజ్జాలు వేసేది. ప్రతి బెజ్జానికీ తల ఎత్తునున్న డ్రిల్లింగ్ మిషను పిడిని కిందికి లాగాలి. ఏళ్ళ తరబడి లాగి లాగి కుడి భుజం పట్టేసింది. ఇంకా లాగితే చెయ్యి ఇక లేవదన్నాడు డాక్టరు. పని మానితే పూట గడవదు.

నేను ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టర్ని. చెయ్యి ఎత్తకుండా బెజ్జాలు పడే మిషను చేసిస్తానని గొప్పలు పోయాను. పాత కుట్టుమిషను తొక్కుడు, సైకిలు చైను, స్ప్రింగు అన్నీ ఆదివారాలు బస్సులో మోసుకెళ్ళాను. కాలితో తొక్కితే డ్రిల్లు దిగాలి. వదిలితే లేవాలి, పట్టీ ఒక బెజ్జం దూరం ముందుకు జరగాలి. ఎన్ని పడ్డాయో ఒక పళ్ళచక్రం లెక్క చూసుకోవాలి.

ఆ చక్రం దగ్గరే నా తెలివి తెల్లారింది. పట్టీ చేతిలోకి తీసుకుని లెక్కపెట్టుకుంటే ఏం పోయేది! అంత ఓపికుంటే నేను నేనెందుకవుతాను? అక్కకు బెజ్జాలు వేస్తూ పైకి లెక్కపెట్టడం అలవాటు. అటు తిరిగి కూర్చుని, ఆమె మాట వినబడినప్పుడల్లా చక్రం మీద సుద్దతో ఒక గీత గీశాను. "లాభం, రెండు, మూడు..." గింజలు కొలిచేవాళ్ళలాగే ఒకటిని లాభం అనేది. ఏడు అన్న మాట మాత్రం నోట రానిచ్చేది కాదు, ఇంట్లోకి ఏడుపొస్తుందని. ఏడో బెజ్జానికి "ఆరున్నూ..." అని భుజం నొప్పికి ఒక్క క్షణం ఆగి, "ఒకటి" అంది. నేను రెండు గీతలు గీశాను. పుట్టినప్పటినుంచీ వింటున్న లెక్కే! మిల్లు రొదకు చెవులతోపాటు బుర్ర కూడా పోయినట్టుంది.

ఆ గీతల ప్రకారమే పళ్ళు కోశాను. మొదటి పట్టీ పెట్టి తొక్కితే పదిహేడో బెజ్జం చివరంచున పడి చెక్క నిలువునా చీలింది.

"ఏంరా, నీ మిషను నాకంటే ఒక తరగతి ఎక్కువ సదివినట్టుందే!" అని అక్క పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో భుజం పట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఆదివారం ఇంకో చక్రం కోసి తెచ్చాను. ఈసారి బెజ్జం బెజ్జానికీ వేలు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను లెండి.

రెండు నెలల తర్వాత వెళ్ళేసరికి అక్క మిషను ముందు కూర్చుని తొక్కుతోంది. కొప్పు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

"ఎవురక్కా ఈ వంకర కొప్పు ఏసింది?"

"నేనే ఏసుకుంటిరా. బాగలేదా?"

బాగుందన్నాను.

చక్రం లెక్క చూసుకుంటున్నా ఆమె అలవాటు పోలేదు. "లాభం, రెండు..." అంటూ ఆరు దాకా వచ్చింది. "ఏడు" అంది.

"అదేందక్కా, ఏడు అంటివి!"

"ఇంగ ఏడిసేదేముందిరా?"

ఆమె నవ్వుకుంటూ తొక్కుతూనే ఉంది. ఏడ్చింది నేను.