విన్న అనాల్సిన చోట

ఒక్క అక్షరం బరువు ఎంతుంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు. నా కొడుకు బడికి పోయే రోజుల నుంచి మోస్తున్నాను. ఇప్పుడు వాడి కూతురు బడికి పోతోంది. దేవుడికి చెప్పుకోలేదా అని అడుగుతారేమో. లేదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు చిన్న చిన్న పాపాలన్నీ ఏరి ఆయన ముందు పోసి, ఇది మాత్రం కొంగున ముడేసుకుని లేచేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

ఫలక్‌నుమాలో రైలు స్టేషన్ వెనక, ఒక వెల్డింగ్ షాపు మేడ మీద మా ప్రార్థన మందిరం. పాస్టర్ గారిది కోస్తా, ఉర్దూ ముక్క రాదు. వచ్చేవాళ్లలో తెలుగు అంతంత మాత్రమే తెలిసిన ఆడవాళ్లు కొందరుండేవారు. నేను లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేసేదాన్ని కదా, ఆ భాష నా నాలుక మీదే ఉండేది. మైకు పట్టుకుని తర్జుమా చేసే పని నాకిచ్చారు. పాస్టర్ గారు మారుమనస్సు అంటే నేను తౌబా అనేదాన్ని. ఎన్నిసార్లన్నానో. అన్నంత మాత్రాన అయిపోతుందా?

మా సంఘంలో సుజాత అనే పిల్ల ఉండేది. బాగా పాడేది. ఆమెకు మంచి సంబంధం వచ్చింది. ఆ అబ్బాయి మా చెల్లెలికైతే బాగుండునని నా ఆశ. అతని తల్లి పిల్ల గురించి ఆరా తీయడానికి మందిరానికి వచ్చి, మెట్ల దగ్గర నన్నే అడిగింది. "పిల్ల మంచిదే. జర మూర్ఛలొస్తయి, గంతే" అన్నాను. ఉపవాస ప్రార్థన నాడు సుజాత కళ్లు తిరిగి పడిపోయిన మాట నిజం. ఒక్కసారి. పొద్దంతా మెతుకు ముట్టకపోతే ఎవరు పడరు? అబద్ధమేం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంబంధం చెడిపోయింది. వాళ్లు మా చెల్లెల్ని చూడటానికి కూడా రాలేదు, అది వేరే సంగతి.

నా మాట విన్నది ఒక్క కమలాబాయి. చాంద్రాయణగుట్ట వైపు బర్రెల కొట్టాల మధ్య ఆమె ఇల్లు. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా, పాలు పోసి వచ్చే దారిలో ప్రార్థనకు వచ్చేది. ఆ రోజు మెట్ల కింద చాయ్ గ్లాసులు కడుగుతోంది.

సుజాత తల్లి లబోదిబోమంది. మందిరంలోనే ఎవరో చెప్పారని అబ్బాయి తల్లి అందట, ఎవరన్నది మాత్రం చెప్పలేదు. ఆ ఆదివారం పాస్టర్ గారు వాక్యం మధ్యలో ఆపి, ఆ మాట అన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, లేచి ఒప్పుకోండి అన్నారు. దాన్ని కూడా నేనే ఉర్దూలోకి తిప్పాను. గొంతు వణకలేదు. నేను ఒప్పుకోలేదు. కమలాబాయి లేచింది.

ఏడుస్తూ వచ్చి నా భుజం పట్టుకుంది. మైకు నా చేతిలో. నా చెవి దగ్గర, నాకొక్కదానికే వినబడేలా అంది: "మై సునీ, దీదీ. సున్ కే చుప్ రహీ. మాఫ్ కర్నా బోలో సబ్ కో." విన్నాను, విని ఊరుకున్నాను, నన్ను క్షమించమని అందరికీ చెప్పు. అంతే. నా పేరు ఎత్తలేదు.

నేను మైకులో చెప్పాను: "నేను అన్న. అని ఊరుకున్న. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

విన్న అనాలి. అన్న అన్నాను.

నోరు జారిందని ఏళ్ల తరబడి నన్ను నేను నమ్మించుకున్నాను. మా మాటలో విన్నకూ అన్నకూ తేడా ఎంతని? కూలర్ మోతలో, ఆ ఏడుపులో కమలాబాయికి అది పట్టలేదు. మూర్ఛలన్న మాట తెలుసుగానీ, ఇది పట్టేంత తెలుగు ఆమెకు లేదు. కానీ జారితే వెంటనే దిద్దుకోవచ్చు కదా, ఎందుకు దిద్దుకోలేదు? జారలేదు కాబట్టి. వి అనడానికి పంటి కిందికి వచ్చిన పెదవిని నేనే వెనక్కి తీసుకున్నాను. ఆ కదలిక నాకింకా గుర్తుంది. తెలిసే చేశాను.

మా సంఘంలో ఒక కట్టుబాటుంది. అందరి ముందు ఒప్పుకున్న పాపాన్ని మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. మంచి కట్టుబాటే. అదే నన్ను దాచిపెట్టింది. కమలాబాయిని ఎవరూ ఏమీ అడగలేదు. పలకరించడం మాత్రం మానేశారు. ఆమె కడిగిన గ్లాసులో కొందరు చాయ్ కూడా తాగలేదు.

కొన్ని వారాల తర్వాత మెట్ల మీద నన్ను ఆపింది.

"పాస్టర్ సాబ్ మాఫ్ కరే నా, దీదీ?"

"కరే" అన్నాను, క్షమించారని.

"ఫిర్ సబ్ మూ క్యూ ఫేర్ లే రై?"

మరి అందరూ ముఖం ఎందుకు తిప్పుకుంటున్నారని. జవాబు తనే వెతుక్కుంది. ఊరుకున్నదానికి ఆమాత్రం శిక్ష ఉండాలిలే అని కళ్లు తుడుచుకుంది. తర్వాత నా చేయి పట్టుకుని మెల్లగా అంది: "ఆప్ కా నామ్ మై నై లీ, దీదీ. ఓ ఆప్ కే మూ సే ఆనా." నీ పేరు నేను తియ్యలేదక్కా, అది నీ నోటి నుంచే రావాలి.

ఆ తర్వాత ఆమె మందిరానికి రాలేదు. ఆమె దేవుణ్ని కూడా నేనే దూరం చేశానా?

మొన్న ఆదివారం వేరే ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చాడు. పాపాలు అని గంపగుత్తగా ఒప్పుకోకండి, చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి అన్నాడు. "నామ్ లేకే బోలో" అని తిప్పబోయి ఆగిపోయాను. మైకు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆత్మ తాకిందనుకుని అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. సుజాతే నీళ్లు తెచ్చింది. ఆలస్యంగానైనా పెళ్లయింది, ఇప్పుడు మందిరంలో పిల్లలకు పాటలు నేర్పుతోంది. "ఏందక్కా, నీ అసొంటిదే గింతగనం ఏడిస్తే మా గతేంది?" అంది. ఆ నీళ్లు తాగాను. అప్పుడైనా చెప్పలేదు.

ఇది రాసినందుకు క్షమాపణ దొరుకుతుందని నేననుకోవడం లేదు. అడగాల్సిన గడపలు రెండున్నాయి, దారి నాకు తెలుసు. పోతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో చూశారు కదా. కానీ ఆ తర్జుమా దిద్దాలి. దిద్దుతుంటే గుండె మీది రాయి కొంచెం జరిగినట్టుంది.

కమలాబాయి విన్నది. అన్నది నేను.